పురుగులకు పడని నూనె

అంగాళమ్మ ఇంట్లో మంచి గది పురుగులది. గాలి ఆడే గది, వాన కారని గది, పేడతో అలికి సున్నం కొట్టిన గది అదొక్కటే. మనుషులు వసారాలో పడుకుంటారు. హోసూరు దగ్గర కెలమంగలం చుట్టుపక్కల పట్టుపురుగులు పెంచే ఇళ్ళన్నీ ఇంతే, ఆశ్చర్యపోవడానికేమీ లేదు. పురుగు గూడు కడితేనే ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. కాబట్టి ముందు పురుగు తినాలి, తర్వాత మనిషి.

ఆ గదికి కట్టుబాట్లున్నాయి. ముట్టయిన ఆడది గడప తొక్కకూడదు. తిరగమోత వాసన రాకూడదు. బీడీ పొగ రాకూడదు. పురుగు మేత మీద ఉన్నన్నాళ్ళూ ఇంట్లో నీసు వండకూడదు, ఎండుచేప పేరు కూడా ఎత్తకూడదు. వాసన తగిలితే పురుగు మేత మానేసి చస్తుందని అంగాళమ్మకు ఆమె అత్త చెప్పింది. ఆ అత్తకు ఇంకో అత్త చెప్పి ఉంటుంది. ఎవరూ పరీక్ష చేసి చూడలేదు. తినే కూడు మీద పరీక్షలు ఎవరు చేస్తారు?

అంగాళమ్మ మొగుడు పోయి చాలా ఏళ్ళయింది. కొడుకు అంకప్ప, కోడలు తిమ్మక్క, మనవరాలు కెంచమ్మ. మనవరాలికి నాలుగో ఏడు నడుస్తోంది. కెంచి అని పిలుస్తారు.

1961 ఎండాకాలంలో కెంచికి చిన్నమ్మవారు పోసింది. తట్టు అంటారే, అది. ఒళ్ళంతా ఎర్రగా పేలింది, కళ్ళు పుసి కట్టాయి, జ్వరం కాలిపోయింది. అంగాళమ్మ వాకిట్లో వేపమండలు కట్టి పథ్యం పెట్టింది. నూనె లేదు, నెయ్యి లేదు, పాలు లేవు, ఆకుకూర లేదు. రాగి గంజి, ఉప్పు. అమ్మవారు దిగిపోయింది గానీ పథ్యం దిగలేదు. ఒంట్లో ఇంకా వేడి ఉందంటూ ముసలమ్మ దాన్ని నెలల తరబడి సాగదీసింది. పిల్ల మీద కసితో కాదు. కడుపున పుట్టిన ఇద్దరిని అదే జబ్బుకు మట్టిలో పెట్టిన మనిషి ఆమె. భయంతో చేసింది. భయంతో పెట్టినా, కసితో పెట్టినా పిల్ల కడుపులోకి పోయింది గంజే.

గోడ పక్కన మునగచెట్టు ఉంది. దాని కాయలు సంతకు, ఆకు మేకకు. తోటలో మల్బరీ ఆకు అరచేతులంత, నల్లని పచ్చతో నిగనిగలాడుతూ ఉంటుంది. అది పురుగుకు. తిమ్మక్క తెల్లారకముందే లేచి ఆకు కోసేది, మోసేది, తరిగేది, తట్టల్లో పరిచేది, పురుగు పెంట తీసేది, మళ్ళీ తోటకు పోయేది. ఆమె గోళ్ళలో పచ్చ ఎప్పుడూ పోదు. పెద్దవాళ్ళ సంగటిలోకైనా అప్పుడప్పుడూ ఆకుకూర ఉండేది. చిన్నబిడ్డకు అరగదని కెంచికి పెట్టేవాళ్ళు కాదు. ఆ ఇంట్లో పురుగు తింటుంది ఆకు, మేక తింటుంది ఆకు, కెంచి తినదు.

పట్టుపురుగు గూడు కట్టేలోగా నాలుగుసార్లు మేత మాని, తల ఎత్తి, కదలకుండా పడుకుని పాత చర్మం వదులుతుంది. ఆ నిద్రను అక్కడ జ్వరం అంటారు. ఒకటో జ్వరం, రెండో జ్వరం అని లెక్క. పురుగుకు జ్వరం వస్తే ఇంట్లో గట్టిగా దగ్గడానికి కూడా లేదు.

ఆషాఢంలో ముసురు పట్టింది. పురుగు రెండో జ్వరం లేచి మేతకు పడింది. పొద్దు వాలుతుండగా తిమ్మక్క లోపల ఆకు వేస్తోంది. తట్టలు పెట్టే కొయ్య స్టాండు కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలుంటాయి, చీమలు ఎక్కకుండా. కెంచి అమ్మను వెతుక్కుంటూ వచ్చి నేరుగా ఒక గిన్నెను తన్నింది. నీళ్ళు ఒలికిపోయాయి. అంగాళమ్మ పరుగెత్తుకొచ్చి వీపు మీద ఒకటిచ్చింది.

"కండ్లు యాడ పెట్టుకోని నడస్తావే నువ్వు? చీమ ఎక్కితే పురుగు ఉంటుందా?"

కెంచి ఏడవలేదు. రెండు చేతులూ ముందుకు చాపి, "అమ్మ యాడుంది?" అంది.

తిమ్మక్క రెండడుగుల దూరంలో నిలబడి ఉంది. "ఈడే ఉండాను కదే" అంది. కెంచి ఆ గొంతు వైపు తిరిగి, పక్కనున్న గుంజను కావలించుకుంది.

తిమ్మక్క చేతిలోని ఆకు కింద పడింది.

"అత్తా, పొద్దు గూకితే దీనికి కండ్లు కనపడటం లేదు."

"పొద్దు గూకితే నాకు మాత్రం కనపడతా ఉందా? దీపం పెట్టు."

దీపం పెట్టారు. కెంచి దీపం వైపే చూస్తూ చాప అంచు తట్టుకుని పడింది.

అన్నం దగ్గర అంకప్ప అన్నాడు, "రేజీకటిది. తళి ఊళ్ళో మా మామకు వచ్చినప్పుడు మేక కార్జం కాల్చి పెట్టినారు. పోయింది."

"పురుగు మేత మీద ఉండగా ఈ ఇంట్లో కార్జం కాలుస్తావా?" అంది తల్లి. "నన్ను కాల్చు ముందు."

అంకప్ప సంగటి ముద్ద మింగాడు. అతను ఎప్పుడూ తల్లి ముందు మాట మింగే మనిషే.

ఆ ఊరి పురుగులకు ఒక ఇన్స్పెక్టరు ఉన్నాడు. వారం వారం సైకిలు మీద వచ్చి తట్ట తట్టా చూసి, ఆకు ఎంత తరగాలో, సున్నం ఎక్కడ చల్లాలో చెప్పి పోతాడు. బిడ్డలకు మాత్రం నర్సు కెలమంగలం కేంద్రం నుంచి కాలినడకన రావాలి. అన్ని ఊళ్ళకూ ఆమె ఒక్కతే. రెండు మూడు నెలలకోసారి వస్తే గొప్ప. దేశానికి డబ్బు తెచ్చేది ఏదో ప్రభుత్వానికి బాగా తెలుసు.

నర్సు పేరు వసంతలక్ష్మి. హోసూరులో అంగడి పెట్టుకున్న వాళ్ళ బిడ్డ. పక్కింటి బాలింతను చూడడానికి వచ్చిన రోజు తిమ్మక్క ఆమెను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. నర్సు కెంచిని వాకిట్లో వెలుగుకు తిప్పి కింది రెప్ప లాగి చూసింది. గుడ్డు మీద తడి మెరుపు లేదు. నల్లగుడ్డు పక్కన సబ్బు నురగ ఎండినట్టు చిన్న మచ్చ.

"దీనికి అమ్మవారు పోసిందా?"

"ఎండల్లో పోసింది నర్సమ్మా."

"తర్వాత ఏం పెట్టినారు?"

"గంజి."

"గంజి ఒక్కటేనా?"

"ఉప్పేసినాము కదా," అంది అంగాళమ్మ.

నర్సు సంచిలోంచి సీసా తీసింది. "ఇది సొరచేప కార్జం నూనె. దీంట్లో 'ఎ' విటమిన్ ఉంది. కంటికి అదే కావాల. దీపం ఉంది, వత్తి ఉంది, నూనె లేదు. దీని కండ్లకు ఆ గతి పట్టింది. దినానికి ఒక చెంచా పోయండి. ఆ మునగాకు ఉడకబెట్టి మెదిపి పెట్టండి. దాంట్లో ఒక చుక్క నూనె వెయ్యాల. నూనె లేకపోతే అది ఒంటికి పట్టదు."

"మునగాకు వేడి కదమ్మా."

"ఏం వేడి కాదు."

మాట్లాడుతూనే బిరడా తీసింది. వాసన గుప్పుమంది. అంగాళమ్మ ముక్కు మూసుకుని గది తలుపుకు అడ్డం పడింది.

"మూత పెట్టు తల్లీ, మూత పెట్టు! లోపల పురుగు ఉంది!"

"పురుగుకు ముక్కు ఉందా అవ్వా?"

"నీకు లేదు మాదిరుంది. ఈ కంపు చంకలో పెట్టుకోని ఊళ్ళు తిరుగుతా ఉండావే, పెండ్లి కావల్సిన దానివి."

నర్సు నవ్వలేదు. "ఈ బిడ్డ కండ్లు పోతాయి. నేను బెదిరించేదానికి చెప్పటం లేదు."

"పోస్తాములేమ్మా, వద్దన్నామా? పంట ఎత్తనీ. గూళ్ళు సంతకు పోయినాక సీసాకు సీసా తాగిస్తాము. ఇన్నాళ్ళు ఆగింది, ఇంకొన్నాళ్ళు ఆగదా?"

"ఆగదు. పురుగు పోతే మళ్ళా గుడ్లు తెచ్చుకుంటారు. కన్ను పోతే యాడ తెచ్చేది?"

సీసా తిమ్మక్క చేతిలో పెట్టి గొడుగు తీసుకుని వెళ్ళిపోయింది. ఆ చెంచా పిల్ల నోట్లోకి పోవడం చూసి వెళ్ళాల్సింది. చూడలేదు. అది ఆమె తప్పు. అన్ని ఊళ్ళకూ ఆమెను ఒక్కదాన్నే తోలినవాళ్ళ తప్పు అంతకంటే పెద్దది, కానీ వాళ్ళెవరూ ఆ వాకిట్లో లేరు.

తిమ్మక్క సీసాను పెరట్లో పెంటదిబ్బ పక్కనున్న గోడ సందులో దాచింది. మరునాడు పొద్దున్నే కెంచిని అక్కడికి తీసుకుపోయి ఒక చెంచా పోసింది. పిల్ల సగం మింగి సగం గౌను మీద కక్కుకుంది. మొహం కడిగినా వాసన పోలేదు. కెంచి నేరుగా అవ్వ దగ్గరికి పోయి తేన్చింది.

అంతటితో పోయేదేమో. ఆ సాయంత్రమే రెండు తట్టల్లో పురుగులు నల్లబడి, మెత్తబడి, పట్టుకుంటే చితికేటట్టు అయిపోయాయి.

ఆ పురుగులు ఎందుకు చచ్చాయో ఇంట్లో ఒక మనిషికి తెలుసు. ముందురోజుల్లో ముసురు విడవలేదు. అంకప్ప వానలో కోసిన ఆకును ఆరబెట్టకుండా, బద్ధకించి, తడితడిగానే ఆ రెండు తట్టల్లో వేశాడు. తడి ఆకు తింటే పురుగు చస్తుందని ఆ ఊళ్ళో పాలు తాగే బిడ్డకు కూడా తెలుసు. ఇన్స్పెక్టరు వచ్చి చూసి అదే మాట చెప్పాడు.

"తడి ఆకు వేసినారు."

"మేము వెయ్యము సారూ. ముప్పై ఏండ్లుగా పురుగు మేపతా ఉండాను," అంది అంగాళమ్మ. "చేప కంపు తగిలింది. దాంతో పోయినాయి."

"కంపుకు కాదమ్మా. తడికి."

"ఏమిరా అంకప్పా, తడి ఆకు వేసినావా?"

అంకప్ప నేల చూశాడు. "లేదమ్మా."

ఆ ఒక్క మాట చాలింది. అంగాళమ్మ వాసన పట్టుకుని దిబ్బగోడ దగ్గరికి పోయి, సందులో చెయ్యి పెట్టి, సీసాను రాయి మీద వేసి కొట్టింది. నూనె దిబ్బలోకి ఇంకింది. కోళ్ళు వచ్చి గీకాయి.

తిమ్మక్క ఆ పూట అన్నం తినలేదు. రాత్రి అత్తకు వినపడకుండా మొగుడితో మెల్లగా అంది, "అది విటమిన్ అంట. విటమిన్ లేకపోతే కండ్లు పోతాయంట. ఏదో ఒకటి చెయ్యి."

అంకప్ప చేశాడు. చెయ్యకుండా ఉంటే అతన్ని తిట్టుకుని ఊరుకోవచ్చు. మరునాడు ఆకు ఆరబెట్టి, చేతులు కడుక్కుని, కెలమంగలంలో శ్రీరంగయ్య అంగడికి పోయాడు. శ్రీరంగయ్య ఉప్పు, చింతపండు, కిరసనాయిలుతో పాటు తలనొప్పి మాత్రలూ టానిక్కులూ కూడా అమ్ముతాడు.

"సెట్టీ, విటమిన్ మందుందా? వాసన లేనిది."

"వాసన లేనిదేందప్పా, మంచి వాసనుండేదే ఇస్తాను. నారింజ మాదిరి కిత్తలిపండు వాసన." ఎర్రటి సీసా తీసి వెలుగుకు పట్టాడు. "చదువుకో. ఈడ రాసుంది, విటమిన్ అని."

"చదువొస్తే నీతో ఎందుకు చదివిస్తాను? నర్సమ్మ చేపనూనె ఇచ్చింది. మా అమ్మ దిబ్బలో పోసింది."

"మీ అమ్మకు ఉండే తెలివి ఊళ్ళో ఎవరికుంది! చిన్నబిడ్డకు చేపనూనె ఎవరన్నా పోస్తారా?"

"అదీ ఇదీ ఒకటేనా?"

"విటమిన్ అంటే విటమినే అప్పా. నూనెలో ఉంటే ఏంది, పానకంలో ఉంటే ఏంది? చక్కెర యాడ కొన్నా తియ్యగానే ఉంటుంది కదా."

శ్రీరంగయ్య మోసగాడు కాదు. మోసగాడైతే ఈ కథ చెప్పడం సులువయ్యేది. తన మనవళ్ళకూ ఆ టానిక్కే పోసేవాడు. ఆ సీసాలో ఉన్నది 'బి' విటమిన్. ఆకలి పుట్టిస్తుంది, తిన్నది ఒంటికి పట్టేట్టు చేస్తుంది, నోటిపూత తగ్గిస్తుంది. మంచి మందే. కానీ విటమిన్లు ఒక తల్లి బిడ్డల్లాంటివి కావు, ఒకరు రాకపోతే ఇంకొకరు వచ్చి పని చేసిపోవడానికి. 'ఎ' చేసే పని 'బి' చెయ్యదు. 'ఎ' నూనెలో కరుగుతుంది, కార్జంలో నిల్వ ఉంటుంది. 'బి' నీళ్ళలో కరుగుతుంది, మిగిలింది ఉచ్చలో పోతుంది. ఇంత చిన్న సంగతి. తెలుగులో నాలుగు ముక్కలు రాసి ఆ సీసా మీద అంటిస్తే సరిపోయేది. సీసా మీద అంతా ఇంగ్లీషే.

తిమ్మక్క పూట తప్పకుండా పోసింది. కెంచికి ఆ తీపి నచ్చింది. చెంచా నాకి, "ఇంకొంచెం" అనేది. ఆకలి పుట్టింది. సంగటి ఎక్కువ తింది. చెంపలు కొంచెం నిండాయి. ఉచ్చ పసుపుపచ్చగా పోయడం మొదలుపెట్టింది.

"చూసినావా," అంది అంగాళమ్మ సంతోషంగా. "వేడి దిగతా ఉంది."

తిమ్మక్కకు కూడా ధైర్యం వచ్చింది. ఆ కొన్నాళ్ళు ఆమె ఆకు కోస్తూ పాట కూడా పాడింది. పిల్ల పగలంతా అరుగు మీద కూర్చుని ఉంటే మంచిదే అనుకుంది, అడ్డం రావడం లేదని. రెప్పలు ఆర్పడం మానేస్తే చూడలేదు. ఒకరోజు కెంచి గడప తగిలి మోకాలు చీరుకుంది. నోరు తెరిచి గట్టిగా ఏడ్చింది. కంటి నుంచి ఒక్క చుక్క రాలేదు.

"దొంగేడుపు," అంది అవ్వ. "నీళ్ళు రాని ఏడుపు యాడన్నా ఉందా?"

పురుగు నాలుగో జ్వరం లేచింది. ఇక అన్నీ పక్కకు పోయాయి. నాలుగో జ్వరం లేచిన పురుగు మేత రాక్షసి మేత. ఎంత కోసినా చాలదు. తట్టల మీద ఆకు పరచగానే గదంతా చప్పుడు లేస్తుంది, పెంకుల మీద వాన పడుతున్నట్టు. తిమ్మక్క, అంకప్ప తోటకూ గదికీ మధ్య పరుగు. అలా వారం గడిచిన రోజు, వసారాలో గోడవైపు మొహం పెట్టి పడుకున్న కెంచి అడిగింది.

"అమ్మా, వానొస్తా ఉందా?"

"లేదే. పురుగు మేస్తా ఉంది."

"వానొస్తా ఉంది," అంది కెంచి. బయట ఎండ కాస్తోంది.

తిమ్మక్క తట్ట దించి వచ్చి పిల్లను ఎత్తుకుంది. వాకిట్లోకి తెస్తే రెప్పలు బిగించేసింది. వెలుగు పడటం లేదు. వేళ్ళతో రెప్పలు విప్పింది. ఎడమ కన్ను మసిబట్టిన అద్దంలా ఉంది. కుడి కంట్లో నల్లగుడ్డు లేదు. ఉన్న చోట ఉడికిన చేప కన్ను మాదిరి తెల్లగా, మెత్తగా ఏదో ఉబ్బి ఉంది.

ఆ పొద్దే పురుగు పండింది. పండిన పురుగు మేత మాని, ఒళ్ళు పారదర్శకంగా మారి, నోట్లోంచి నూలు తీస్తూ తల ఊపుతుంది. అప్పుడు ఒక్కొక్కదాన్నీ ఏరి, వెదురు పట్టీలు సుడి చుట్టిన చంద్రికెల మీద వదలాలి. ఆలస్యమైతే తట్టలోనే, పెంటలోనే గూడు కట్టుకుని పంటంతా మురికి అవుతుంది. ఇంట్లో ఉన్న ప్రతి చెయ్యీ కావాలి.

తిమ్మక్క పిల్లను కొంగుతో కట్టుకుంది.

"యాడికి?" అంది అంగాళమ్మ, చేతి నిండా పురుగులతో.

"ఆస్పత్రికి."

"పురుగు పండింది."

"చూసినాను."

"తట్టలోనే గూడు కట్టుకుంటే?"

"కట్టుకోనీ."

"రేపు పోదువు. నేనే వస్తాను నీతో."

"రేపటికి ఏం మిగలతుందత్తా?"

అంగాళమ్మ కొడుకు వైపు చూసింది. అంకప్ప చేతులు దులుపుకుని పెళ్ళాం వెనక నడిచాడు. జీవితంలో మొదటిసారి. చాలా ఆలస్యంగా.

కెలమంగలం కేంద్రంలో వసంతలక్ష్మి పిల్ల కళ్ళు చూసి కుర్చీలో కూర్చుండిపోయింది. తిమ్మక్క కొంగుముడి విప్పి ఎర్ర సీసా తీసి చూపించింది.

"పూట తప్పలేదు నర్సమ్మా. చూడు, సీసా అడుగంటింది."

నర్సు సీసా తిప్పి చదివింది. మళ్ళీ చదివింది. "నేనిచ్చిన సీసా ఏమైంది?"

తిమ్మక్క మొగుడి వైపు చూసింది.

"ఇది కంటికి పనికొచ్చేది కాదమ్మా. ఇది ఉచ్చలో పోయింది." కోపంతో అరిచింది. "నా దగ్గరికి ఒక్క తూరి వచ్చి అడగకూడదా! మీ పురుగులకు వారం వారం అడగతారే!"

అప్పటికప్పుడు చేపనూనె చెంచాడు పోసి, కాగితం రాసిచ్చి, కృష్ణగిరి పెద్దాసుపత్రికి పొమ్మంది. హోసూరులో బస్సు మారారు. శూలగిరి దాటాక కుందారపల్లి దగ్గర ఇంజను కాగిపోయి బస్సు ఆగింది. డ్రైవరు నీళ్ళకు పోయాడు. జనం దిగి మిట్ట మీద కూర్చున్నారు. కెంచి తల్లి భుజంలో మొహం దాచుకుని నిద్రపోయింది.

"ఆ తూరి తడి ఆకు వేసింది నేనే," అన్నాడు అంకప్ప.

తిమ్మక్క అతని వైపు తిరగలేదు. దూరంగా డ్రైవరు బిందెతో రావడం చూస్తూ కూర్చుంది. "నీళ్ళు తెచ్చినాడు, ఎక్కు," అంది. ఆ విషయం గురించి ఆమె అతనితో ఇంకెప్పుడూ మాట్లాడలేదు.

కృష్ణగిరి డాక్టరు తమిళం కలిసిన తెలుగులో మాట్లాడాడు. కుడి కన్ను చూసి దీపం పక్కకు తిప్పేశాడు. ఎడమ కన్ను చాలాసేపు చూశాడు. పిల్లకు సూది వేయించాడు.

"కుడిది పోయింది. నల్లగుడ్డు కరిగిపోయింది, చిల్లిపడింది. ఎడమదాంట్లో పువ్వు మిగలతుంది. నూనె ఆపకుండా పోస్తే నీడ మాదిరి కనపడొచ్చు." కాగితం మీద రాస్తూ, తలెత్తకుండా అన్నాడు, "పెద్దవాళ్ళకు కార్జంలో నిల్వ ఉంటుంది, కొన్నాళ్ళు గడుస్తుంది. దీనికి ఉండిందే కొంచెం. అమ్మవారు పోసినప్పుడే అది అయిపోయింది. ఆ పొద్దు నుంచి ఆకు పెట్టినా సరిపోయేది. ఏం తల్లివమ్మా నువ్వు?"

తిమ్మక్క చేతులు చూసుకుంది. గోళ్ళలో పచ్చ ఉంది.

ఆ ప్రశ్న అందరూ తల్లినే అడుగుతారు. ఇంగ్లీషులో చీటీ అంటించినవాణ్ణి అడగరు. పురుగుకు ఇన్స్పెక్టరును పెట్టి బిడ్డకు పెట్టనివాణ్ణి అడగరు. బిడ్డను కూడా తూకం వేసి సంతలో కొంటారంటే బిడ్డకూ సైకిలు మీద ఒకడు వచ్చి ఉండేవాడు.

తిమ్మక్క కెంచితో ఆస్పత్రి వరండాలో ఉండిపోయింది. అంకప్ప వెనక్కి వెళ్ళి చూసేసరికి పంట దక్కింది. అంగాళమ్మ పక్కిళ్ళ వాళ్ళను పిలిచి, రాత్రీ పగలూ ఒంటి కాలి మీద నిలబడి పురుగునంతా చంద్రికెలకు ఎక్కించింది. గూళ్ళు గట్టిగా, పసుపుపచ్చగా, మంచి రంగు తిరిగాయి. ఆ పసుపు ఆకులోదే. ఆకులోంచి పురుగులోకి, పురుగులోంచి నూలులోకి పోయింది.

తిమ్మక్క ఇల్లు చేరేసరికి కొత్త గుడ్లు పగిలి, పురుగు ఒకటో జ్వరం లేచి మేతకు పడి ఉంది. కెంచి కుడి కన్ను లోపలికి పీక్కుపోయింది. ఎడమ కంట్లో తెల్లటి పువ్వు. మొహం ముందు చెయ్యి ఆడిస్తే తెలుస్తుంది, ఎవరి చెయ్యో తెలియదు. అంగాళమ్మ అరుగు మీద నుంచి లేచి ఎదురొచ్చింది. పిల్ల మొహం చూసి ఆగిపోయింది.

తిమ్మక్క ఆమెను దాటుకుని నేరుగా పురుగుల గదిలోకి పోయింది. తట్టల మధ్య కూర్చుని, కెంచిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ఆస్పత్రి సీసా బిరడా తీసింది. గదంతా చేప వాసన. చెంచా పోసింది. సీసాను తట్టల పక్కనే కిటికీలో పెట్టింది.

"పురుగు చస్తుంది," అంది అంగాళమ్మ గడప బయట నుంచి.

"చావనీ."

ముసలమ్మ తిట్టలేదు. సీసా ముట్టలేదు. ఆ రోజు నుంచి తిమ్మక్క ప్రతి పొద్దూ అక్కడే, పురుగుల మధ్యనే నూనె పోసింది. మునగాకు మెదిపి, తిరగమోత వేసి, ఆ వాసన కూడా గదిలోకి పోయేట్టు తలుపు బార్లా తెరిచి పెట్టింది.

అంగాళమ్మ ప్రతి పొద్దూ తట్టలు దించి చూసింది. పురుగును అరచేతిలోకి తీసుకుని, వేలితో నొక్కి, వాసన చూసి, తిరగేసి చూసింది. రెండో జ్వరం దాటింది. మూడో జ్వరం దాటింది. పురుగు నల్లబడలేదు. మెత్తబడలేదు. తెల్లగా, చల్లగా, కొవ్వు పట్టి ఆమె అరచేతిలో పాకుతూ ఆకు కోసం తల తిప్పింది.

నాలుగో జ్వరం లేచిన రోజు అంకప్ప పొద్దున ఆకు పరుస్తుంటే ఆమె గడపలో కూర్చుని అడిగింది.

"ఒక్క తట్టన్నా పోయిందా?"

"లేదమ్మా. అంతా బాగుంది."

"అడుగు తట్ట చూసినావా?"

"చూసినాను."

"మళ్ళా చూడు."

అంకప్ప తల్లి మొహం చూశాడు. ముప్పై ఏళ్ళుగా పురుగు బతకాలని మొక్కుకున్న మనిషి ఆ మొహంతో ఏం అడుగుతోందో అతనికి అర్థమైంది. అడుగు తట్ట లాగాడు. పురుగు ఆకు మీద పడి మేస్తోంది. ఒక్కటీ చావలేదు.

అన్ని తట్టల మీదా ఒక్కసారిగా మేత చప్పుడు లేచింది. బయట అరుగు చివర కూర్చున్న కెంచి తలెత్తి విన్నది. చూరు దాటేలా ఎండలోకి చెయ్యి చాపి, అరచెయ్యి వెల్లకిలా పెట్టి, వాన చినుకు కోసం అలాగే పట్టుకుని కూర్చుంది.